ఆచార్య సూరి భగవంతం

చిన్నరసాల మామిడికి పేరుగాంచిన నూజివీడు సీమలో ఆగిరిపల్లి ఒక గ్రామం. ఆచార్య సూరి భగవంతం 1909లో అక్కడ జన్మించారు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం అభ్యసించి, 1928లో కలకత్తా చేరి సర్ సి.వి. రామన్ వద్ద పరిశోధనకు ఉపక్రమించారు. రామన్ ఫలితం వెలుగుచూసిన సంవత్సరమది. 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకులై, తరువాత అక్కడే ఆచార్య పదవిని అలంకరించారు.

వారి కృషిని గ్రహించాలంటే మనకు పరిచితమైన ఓమ్ నియమంతో ఆరంభించాలి. జర్మనీ దేశస్థుడు జార్జి సైమన్ ఓమ్ 1827లో దీనిని గ్రంథస్థం చేశాడు. ఉష్ణోగ్రత మారనంతవరకు లోహపు తీగలోని విద్యుత్ ప్రవాహం, ఆ తీగ కొనల మధ్యనున్న పొటెన్షియల్ తేడాకు అనులోమానుపాతంలో ఉంటుంది. పొటెన్షియల్ తేడాను ప్రవాహంతో భాగించగా వచ్చేదే నిరోధం. మామిడితోటలో నీటిమోటారుకు వెళ్లే రాగితీగకు ఆ ఒక్క సంఖ్య చాలు.

స్ఫటికాల సంగతి వేరు. గ్రాఫైట్ స్ఫటికం తన పొరల వెంబడి విద్యుత్తును సులువుగా సాగనిస్తుంది; పొరలకు అడ్డంగా అంత సులువుగా సాగనివ్వదు. అటువంటి పదార్థపు వాహకత్వాన్ని తెలపడానికి ఎన్ని సంఖ్యలు కావాలి? ఘనాకార సౌష్ఠవం గల స్ఫటికానికి ఒకటి, గ్రాఫైటుకు రెండు, సౌష్ఠవం అతి తక్కువగా ఉన్న స్ఫటికానికి ఆరు. సౌష్ఠవం తగ్గినకొద్దీ సంఖ్యలు పెరుగుతాయి.

భగవంతం చేపట్టినవి ఇటువంటి లెక్కలే. విద్యుత్తు, కాంతి, స్థితిస్థాపకత మొదలైన ధర్మాలలో దేనికి ఎన్ని స్థిరాంకాలు అవసరమో సమూహ సిద్ధాంతమనే గణితశాఖ సాయంతో నిర్ణయించారు. ఒత్తిడికి లోనైన స్ఫటికంలో కాంతి గమనం మారే తీరును గురించి జర్మన్ శాస్త్రజ్ఞుడు పోకెల్స్ కూర్చిన పట్టికలు దశాబ్దాల తరబడి ప్రమాణాలుగా చెలామణి అయ్యాయి. భగవంతం వాటిని తిరిగి లెక్కించగా కొన్ని స్ఫటిక వర్గాలలో సంఖ్యలు సరిపోలేదు. ప్రామాణిక గ్రంథంతో విభేదించడం పరిశోధకునికి పరీక్షే. తన లెక్క తప్పయితే పోయేది తన పేరే. అయినా వెనుదీయక, ఆ భేదాన్ని 1942లో ప్రకటించారు.

టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతంపై రచించిన గ్రంథం 1948లో వెలువడింది. స్ఫటిక సౌష్ఠవంపై వారి మరొక గ్రంథం 1966లో వచ్చింది. ఈ మధ్యకాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా సేవలందించారు. 1961 నుంచి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారు. 1989లో దివంగతులయ్యారు.

నియమాన్ని కంఠస్థం చేయడంతో చదువు పూర్తికాదు. అది ఎక్కడ ఏ రూపంలో వర్తిస్తుందో స్వయంగా లెక్కించి చూడాలి. పెద్దల లెక్కను గౌరవిస్తూనే సరిచూసిన భగవంతం జీవితం విద్యార్థులకు అందించే సందేశమిదే.