లోవెల్ ఎడ్వర్డ్స్ : గుండెకు తలుపు చేసిన యంత్రకారుడు

మానవుని హృదయము పిడికిలియంత యవయవము. అందు నాలుగు కవాటములు గలవు. అవి రక్తమును ముందునకు మాత్రమే పోనిచ్చి, వెనుకకు రానీయక, దినమునకు లక్షమారులు తెరచుకొని మూసికొనుచుండును. అందొక్కటి చెడినను మనుజుడు నాలుగడుగులు నడువజాలక రొప్పుచుండును. అట్టి తలుపునకు మారు తలుపు చేసిన పురుషుని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగ దెలుపుచున్నాము.

మైల్స్ లోవెల్ ఎడ్వర్డ్స్ 1898వ సంవత్సరమున అమెరికా దేశమున జన్మించెను. బాల్యమున నతనికి కీళ్లవాత జ్వరము సోకెను. గొంతునొప్పిని అలక్ష్యము చేసినచో కొందరు బిడ్డలకు కొన్ని వారములకు వచ్చు జ్వరమిది. కీళ్లవాపు కొలదిదినములలో నణగిపోవును గాని, గుండె కవాటములకు దగిలిన గాయము నిలిచిపోవచ్చును. ఈ భయము నెరిగియే యతడు పెరిగెను.

ఎడ్వర్డ్స్ వైద్యుడు కాడు, యంత్రశాస్త్రజ్ఞుడు. నీటి వేగముతో దుంగల బెరడు నొలుచు యంత్రమును, మిక్కిలి యెత్తున నెగురు విమానములకు ఇంధన మందించు పంపును నిర్మించెను. ఆ పంపు రెండవ ప్రపంచ యుద్ధమున వేలకొలది విమానములలో నుపయోగపడెను. అతని పేర 63 పేటెంట్లు గలవు. ద్రవములను నడిపించుట యెరిగినవాడు గనుక గుండెయు నొక పంపేయని తలచెను.

1958లో, అరువదేండ్ల ప్రాయమున, అతడు ఆరెగాన్ వైద్యకళాశాలలోని ఆల్బర్ట్ స్టార్ అను 32 ఏండ్ల శస్త్రవైద్యుని కడకేగి, కృత్రిమ హృదయమును నిర్మింతమని కోరెను. అది యప్పటికి మించిన పనియనియు, ముందొక కవాటమును చేయుట మేలనియు స్టార్ సూచించెను. వృద్ధుడు పంతమునకు బోక యంగీకరించెను.

మొదట సహజ కవాటమును బోలిన రెక్కల తలుపులను చేసి కుక్కలకు అమర్చిరి. రక్తము గడ్డకట్టి యవి మూసికొనిపోయెను. అంతట రూపసాదృశ్యమును విడిచి, పనియే ప్రధానమనుకొని, లోహపు పంజరములో కదలాడు రబ్బరు గోళమును తలుపుగ నిర్మించిరి. ఇది నిలిచెను.

1960 ఆగస్టు మాసమున మొదట నొక యువతికి దాని నమర్చిరి. కవాటము చక్కగ పనిచేసినను, గుండెలో మిగిలిన గాలి మెదడునకు బోవుటచే నామె కొన్ని గంటలలోనే మరణించెను. ఆ మరణముతో ప్రయత్నము నాగిపోలేదు. సెప్టెంబరులో 52 ఏండ్ల పురుషునికి అమర్చిన కవాటము అతనిని సుమారు పదియేండ్లు బ్రతికించెను. పిమ్మట నతడు నిచ్చెనపైనుండి పడి మరణించెను. 1982లో ఎడ్వర్డ్స్ కాలధర్మము నొందెను.

నాటి రోగికి ఎన్నుకొనుటకు వేరొకటి లేదు. నేటి రోగికి శస్త్రచికిత్సకు ముందే రెండు దారులు గలవు. యంత్రకవాటము చిరకాలము మన్నును. కాని దానిపై రక్తము గడ్డకట్టకుండుటకు జీవితాంతము వార్ఫరిన్ అను మందు పుచ్చుకొని, తరచు రక్తపరీక్ష చేయించుకొనవలెను. పంది కవాటముతోగాని పశువు గుండెపొరతోగాని చేసినదానికి సాధారణముగ నామందు కలకాలము అక్కరలేదు. కాని యది 10, 15 ఏండ్లలో చెడవచ్చును, పిన్నవారిలో నింకను త్వరగ చెడును. అందుచేత పడుచువారికి తరచు మొదటిదియు, వృద్ధులకు రెండవదియు దగును. బిడ్డలను గోరు స్త్రీకి వార్ఫరిన్ గర్భస్థశిశువునకు హానికరము గనుక, వైద్యునితో చక్కగ నాలోచించియే నిర్ణయింపవలెను. మన దేశమున తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థవారు తామే నిర్మించిన యంత్రకవాటమును 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చిరి.

బాలబాలికలారా, ఎంత మంచి కవాటమైనను పుట్టుకతో వచ్చినదానికి సాటిరాదు. గొంతునొప్పియు జ్వరమును గలిగినప్పుడు దాచక తల్లిదండ్రులకు జెప్పుడు. తల్లిదండ్రులారా, సకాలమున వైద్యునికి జూపి, యతడిచ్చిన మందు పూర్తిగ వాడింపుడు. ఈ కొలది జాగ్రత్త చాలమంది బిడ్డల గుండెను కాపాడగలదని మా విన్నపము.