ఎగరని విమానం – ఆర్.జె. మిచెల్ జీవితం

మా హాస్టల్ గదిలో కిటికీ గట్టు మీద ఒక బొమ్మ విమానం ఉంది. గదికి వచ్చిన మిత్రులంతా అది ఏ దేశానిదో, ఏ యుద్ధంలో వాడారో అడుగుతారు. అలాంటి విమానం లోకంలో ఎన్నడూ లేదని చెబితే నవ్వుతారు. లేని విమానానికి బొమ్మ చేసే తీరిక నీకెక్కడిదని ఎగతాళి చేస్తారు. వాళ్లకు జవాబుగానే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ప్లాస్టిక్ ముక్కలు అతికించి విమానాల నమూనాలు చేయడం చాలామందికి తెలిసిన సరదాయే. అందులో 72వ వంతు కొలత బాగా వాడుకలో ఉంది. అసలు విమానంలో 6 అడుగులు నమూనాలో ఒక అంగుళం అవుతుందన్నమాట. ఈ సరదాలోనే మరో శాఖ ఉంది. చరిత్ర ఫలానా మలుపులో వేరే దారి పట్టి ఉంటే ఎలాంటి విమానం వచ్చేదో ఊహించి, దానికి రూపం ఇవ్వడం. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ పిస్టన్ ఇంజను ఫైటర్లంటే ఈ శాఖవాళ్లకు ప్రాణం. ఒకదాని రెక్క కోసి మరోదానికి పెడతారు, ముక్కు మారుస్తారు, పుట్టీ పూసి గరుకు కాగితంతో రుద్ది రంగు వేస్తారు. నేను మాత్రం నాకు నేనే ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. ఆ ఏడాదికి పుట్టని ఇంజను పెట్టకూడదు. చక్రాలు ముడుచుకుంటాయంటే రెక్కలో వాటికి చోటు చూపించాలి. ఊహకైనా లెక్క ఉండాలి గదా!

నా కిటికీలోని బొమ్మకు మూలపురుషుడు రెజినాల్డ్ జోసెఫ్ మిచెల్. స్పిట్‌ఫైర్ విమానాన్ని రూపొందించినవాడిగా లోకం ఆయన్ను ఎరుగును. నా బొమ్మ మాత్రం స్పిట్‌ఫైర్ కాదు. అంతకు ముందు ఆయన చేసి, ఓడిపోయిన విమానం తాలూకు ఊహ.

మిచెల్ 1895 మే 20న ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో బట్ లేన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి బడిపంతులు. పదహారో ఏట రైలింజన్లు తయారుచేసే కెర్ స్టువర్ట్ కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరాడు. పగలు పని, రాత్రి చదువు. గణితం, మెకానిక్స్, డ్రాయింగు రాత్రి తరగతుల్లోనే నేర్చుకున్నాడు. 1917లో సౌతాంప్టన్‌లోని సూపర్‌మెరైన్ కంపెనీలో చేరాడు. రెండేళ్లు తిరిగేసరికి, అంటే 1919లో, ఇరవై నాలుగేళ్లకే అక్కడ చీఫ్ డిజైనర్ అయ్యాడు. మన వయసుకు నాలుగేళ్లే ఎక్కువ!

ఆ కంపెనీ పని నీటి మీద దిగే విమానాలు. అప్పట్లో ష్నైడర్ ట్రోఫీ అని సముద్ర విమానాల వేగపు పోటీ జరిగేది. 1922లో నేపుల్స్‌లో మిచెల్ విమానం ‘సీ లయన్–2’ గెలిచింది. 1925లో అమెరికాలోని బాల్టిమోర్‌కు ఆయన ఎస్.4 అనే విమానం తీసుకుపోయాడు. బయట తీగలు, ఊతకర్రలు లేకుండా ఒకే రెక్కతో నున్నగా ఉన్న విమానం. పోటీకి ముందే అది నీళ్లలో కూలింది. పైలట్ బతికి బయటపడ్డాడు. మిచెల్ ఆ ఒంటి రెక్క ఊహను వదల్లేదు. లోపాలు సవరించుకుని 1927లో వెనిస్‌లో ఎస్.5తో, 1929లో ఎస్.6తో గెలిచాడు.

1931లో ప్రభుత్వం డబ్బివ్వనన్నది. లేడీ హ్యూస్టన్ అనే సంపన్నురాలు లక్ష పౌన్లు ఇచ్చింది. ఎస్.6బి విమానం ఆ ఏడాది ట్రోఫీని శాశ్వతంగా బ్రిటన్‌కు తెచ్చింది. అదే సెప్టెంబరులో గంటకు 407 మైళ్లకు పైగా పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ లక్ష పౌన్లు రాకపోయి ఉంటే? ‘ఉంటే’ల సరదా గలవాళ్లకు అది ఒక మంచి మలుపు.

ఇంత గెలిచినవాడు తర్వాత ఓడిపోయాడు. వైమానిక దళం కొత్త ఫైటర్ కావాలన్నది. మిచెల్ చేసిన టైప్ 224 అనే విమానం 1934 ఫిబ్రవరిలో ఎగిరింది. వంపు తిరిగిన మందపాటి రెక్క, కిందికి వేలాడే చక్రాలు, నీటిని ఆవిరి చేసి చల్లబరిచే ఇంజను. ఆ ఇంజను ఊరికే వేడెక్కిపోయేది. గంటకు 228 మైళ్లు మించలేదు. పోటీలో గ్లాడియేటర్ అనే రెండు రెక్కల విమానం దాన్ని కాదని ఎంపికయింది. రికార్డుల వీరుడి విమానం రెండు రెక్కల పాతకాలపు బాణీ ముందు తలదించింది.

నా బొమ్మ ఇక్కడి నుంచే పుట్టింది. అదే టైప్ 224కు రోల్స్ రాయిస్ వారి కొత్త మెర్లిన్ ఇంజను పెట్టి, చక్రాలు ముడిచి ఉంటే ఎలా ఉండేదో చూద్దామనుకున్నాను. చేతితో చేస్తేగాని తెలియలేదు. దాని రెక్కల నిడివి 45 అడుగుల 10 అంగుళాలు. నమూనాలో ఏడున్నర అంగుళాలు దాటుతుంది. పక్కన స్పిట్‌ఫైర్ పెడితే ఆరంగుళాల చిల్లర. ఇంజను ఎంత మంచిదైనా అంత పెద్ద మందపు రెక్క గాలిని చీల్చుకుపోవడం కష్టమని కంటికే కనిపించింది. మిచెల్ కూడా మొదట పాతదాన్నే చెక్కి బాగుచేయబోయాడు. అది చాలదని తేలాక రెక్కనే మార్చాడు. బెవర్లీ షెన్‌స్టోన్ అనే కెనడా శాస్త్రజ్ఞుడి సాయంతో పలుచని, కోడిగుడ్డు వాటం రెక్క వచ్చింది. పలుచగా ఉంటూనే మొదలు దగ్గర చక్రాలకు, ఎనిమిది తుపాకులకు చోటిచ్చే ఆకారమది. అందానికి వేసింది కాదు.

ఈ మధ్యలో జరిగింది చాలామందికి తెలియదు. 1933 ఆగస్టులో మిచెల్‌కు పేగు కాన్సర్ అని తేలింది. పెద్ద ఆపరేషన్ చేసి పొట్ట మీద మలానికి వేరే దారి పెట్టారు. రోగం తిరగబెట్టవచ్చని డాక్టర్లు ముందే హెచ్చరించారు. ఆయన ఆ సంగతి అట్టే మందికి చెప్పుకోలేదు. మళ్లీ డ్రాయింగు బల్ల దగ్గరికి వచ్చాడు. విమానం నడపడం నేర్చుకుని 1934లో లైసెన్సు కూడా తీసుకున్నాడు. టైప్ 224 ఓటమి, కొత్త రెక్క ఆలోచన, ఇవన్నీ ఆ ఆపరేషన్ తర్వాతి సంగతులే.

1936 మార్చి 5న కె5054 అనే మొదటి స్పిట్‌ఫైర్ ఈస్ట్‌లీ మైదానం నుంచి లేచింది. జూన్‌లో 310 విమానాలకు ఆర్డరు వచ్చింది. ఆ తర్వాత రోగం తిరగబెట్టింది. 1937లో వియన్నా తీసుకుపోయినా లాభం లేకపోయింది. జూన్ 11న, నలభై రెండేళ్లకే, భార్యనూ పదహారేళ్ల కొడుకునూ విడిచి కన్నుమూశాడు. దళంలో చేరిన స్పిట్‌ఫైర్‌ను చూడనే లేదు.

మిచెల్ బతికి ఉంటే? ఆయన చివరగా తలపెట్టిన నాలుగు ఇంజన్ల బాంబర్ నమూనాలు 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబుదాడికి గురై అసంపూర్తిగానే ముగిసిపోయాయి. అదీ ‘ఉంటే’ల లెక్కలోకే. స్పిట్‌ఫైర్ మాత్రం ఆగలేదు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ స్మిత్ దాన్ని ఏడాదికేడాది మార్చుతూ పోయాడు. వెయ్యి అశ్వశక్తితో మొదలైనది రెండు వేలు దాటింది. మొత్తం 20 వేలకు పైగా తయారయ్యాయి. 1940 యుద్ధంలో సంఖ్యలో ఎక్కువగా ఉన్న హరికేన్‌లకూ సమాన గౌరవం దక్కాలనుకోండి. ఆ ఏడు ఇంగ్లండు దక్షిణ తీరాన స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరులో ‘హైదరాబాదు’ ఉంది. నిజాం విరాళమే అందుకు కారణం. దాని చిహ్నంలో నిజాం తలపాగా కూడా ఉంది.

ఇక నా సంగతి. మాది వేరుశెనగ పండించే ఇల్లు. ఊడలు దిగే వేళకు వాన పడి ఉంటే, అనే మాట ఊళ్లో ప్రతి అరుగు మీదా వినిపిస్తుంది. నాయన కూడా అంటాడు. కాని ఒక్క పూటే. మర్నాడు ఎందుకు పోయిందో చేనంతా తిరిగి చూసి, వచ్చే ఏటికి విత్తనం కాయల వేటలో పడతాడు. నేను నిరుడు ఫిజిక్స్ పేపరు తప్పి, ఇంట్లో చెప్పక, ఆ ప్రశ్న వచ్చి ఉంటే, ఇంకో నెల ఉండి ఉంటే అని సెలవులన్నీ గడిపాను. ఆ రోజుల్లోనే ఈ బొమ్మ మొదలుపెట్టాను. పాత రెక్కకు కొత్త ఇంజను పెడితే చాలదని చేతులకు తెలిసిన రోజున, ఆ పేపరుకు నేను చదివిన తీరు కూడా గుర్తుకొచ్చింది. ఈసారి మొదటి పాఠం నుంచి మళ్లీ చదువుతున్నాను.

సెలవులకు పోయేటప్పుడు ఈ బొమ్మ నాయనకు పట్టుకుపోతాను. ఇది ఎగరని విమానమని ముందే చెబుతాను. ఆ తర్వాత పేపరు సంగతి.