మద్రాసు హైకోర్టులో జస్టిస్ అబ్దుర్ రహీం

జుమా నమాజు అయ్యాక పిల్లలను తీసుకుని రుషికొండ తీరానికి వెళ్ళడం విశాఖలో చాలా కుటుంబాలకు అలవాటు. అక్కడి గీతం విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం కూడా చెబుతారు. ఇంటర్ ముగించిన మా బంధువుల అమ్మాయి ఒకసారి ఆ గేటు చూసి, తాను లా చదువుతానంది. పెద్దలు ఒప్పుకోలేదు. అబద్ధాలతో నడిచే వృత్తి మనకెందుకన్నారు. ఇమామ్ అబూ హనీఫా అంతటివారే ఖాజీ పదవి వద్దన్నారని గుర్తు చేశారు. నిజమే. కాని ఆయన శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ ఆ పదవిని స్వీకరించి ప్రధాన ఖాజీ అయ్యారు. ఆ సందర్భంలో అమ్మాయికి మేము చెప్పిన మరొక న్యాయమూర్తి జీవితమే ఇది.

సర్ అబ్దుర్ రహీం 1867లో బెంగాల్‌లోని మిడ్నపూర్ ప్రాంతంలో జన్మించారు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, లండన్ వెళ్ళి, 1890లో బారిస్టరయ్యారు. తిరిగివచ్చి కలకత్తాలో ప్రాక్టీసు పెట్టారు.

ఆ రోజుల్లో ఇంగ్లీషు జడ్జీలు ముస్లింల వారసత్వం, వక్ఫు తగాదాలను చాలావరకు అనువాద గ్రంథాల ఆధారంగా తేల్చేవారు. వాటిలో ముఖ్యమైనది 1791లో హామిల్టన్ ఇంగ్లీషులోకి తెచ్చిన హిదాయా. అదీ అరబ్బీ మూలం నుంచి కాదు, పారశీ అనువాదం నుంచి. నియమం దొరికేది గాని, ఆ నియమం ఏ సూత్రం నుంచి పుట్టిందో తెలిసేది కాదు. ఆ లోటు తీర్చాలని అబ్దుర్ రహీం అరబ్బీ ఉసూల్ గ్రంథాలను పరిశీలించి, 1907లో కలకత్తా విశ్వవిద్యాలయంలో టాగోర్ న్యాయ ఉపన్యాసాలిచ్చారు. హనఫీ, మాలికీ, షాఫిఈ, హంబలీ నాలుగు మజ్‌హబుల సూత్రాలను వివరించే ఆ ఉపన్యాసాలు 1911లో పుస్తకంగా వెలువడ్డాయి.

1908లో ఆయన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. అప్పుడు విశాఖపట్నం మద్రాసు రాజధానిలోనే ఉండేది. ఇక్కడి భూముల తగాదా పై కోర్టుకు వెళ్ళిందంటే మద్రాసుకే. అలా పన్నెండేళ్ళపాటు తెలుగు జిల్లాల వ్యాజ్యాలు విన్న న్యాయపీఠాల్లో ఆయన కూడా ఒకరు.

1912లో ప్రభుత్వోద్యోగాలపై వేసిన రాయల్ కమిషన్‌లో ఆయనను సభ్యునిగా నియమించారు. గోఖలే కూడా అందులో సభ్యులే. పెద్ద ఉద్యోగాల్లో భారతీయులకు కొంత వాటా ఇస్తే చాలునని అధిక సంఖ్యాకులు తేల్చారు. అబ్దుర్ రహీం సంతకం చేసి ఊరుకోలేదు, విడిగా అసమ్మతి పత్రం రాశారు. ఈ దేశపు ఉద్యోగాలు ముందు ఈ దేశస్థులవేనని, తప్పనిసరి అయిన చోట మాత్రమే బయటివారిని తేవాలని ఆయన వాదన. తన్ను నియమించిన ప్రభుత్వానికే ఆ మాట చెప్పారు.

మరి 1916లో అనీబిసెంట్ కేసు వచ్చింది. ప్రెస్ చట్టం కింద ప్రభుత్వం ఆమె న్యూ ఇండియా పత్రిక ధరావతును జప్తు చేసింది. తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా అబ్దుర్ రహీం మరి ఇద్దరితో కలిసి విచారించారు. రాతలు చట్టం నిషేధించిన కోవలోకి వస్తాయా రావా అన్నంత వరకే ఆ 1910 చట్టం హైకోర్టుకు అధికారం ఇచ్చింది. పిటిషన్ కొట్టివేశారు. 1919లో ప్రీవీ కౌన్సిల్ కూడా ఆమె అప్పీలును తోసిపుచ్చింది. ఈ తీర్పు మనకు నచ్చకపోవచ్చు. కమిషన్‌లో తన అభిప్రాయం చెప్పే వీలుంది, చెప్పారు. న్యాయపీఠం మీద చట్టం గీసిన గీత దాటలేదు. ఆ గీత తప్పయితే మార్చవలసింది శాసనసభలు.

1920లో హైకోర్టు వదిలి ఆయన ఆ రంగంలోకే వెళ్ళారు. బెంగాల్ గవర్నరు కార్యనిర్వాహక మండలిలో పనిచేశారు. 1925లో అలీగఢ్ ముస్లింలీగ్ మహాసభకు అధ్యక్షత వహించారు. ఆ రాజకీయాలపై విమర్శలూ వచ్చాయి. 1935 నుంచి 1945 వరకు ఢిల్లీలో కేంద్ర శాసనసభకు అధ్యక్షులుగా ఉన్నారు. 1952లో కన్నుమూశారు.

ఇప్పుడు విశాఖ కేసు మద్రాసు పోనక్కరలేదు. హైకోర్టు 1954లో గుంటూరుకు, 1956లో హైదరాబాదుకు, 2019లో అమరావతికి వచ్చింది. దగ్గరికి వచ్చిన ఆ గుమ్మంలో మన పిల్లలు ఎందరు అడుగుపెడతారన్నదే ప్రశ్న. వృత్తిలో అబద్ధం ఉందని నిజాయితీపరులంతా తప్పుకుంటే అది ఎవరి చేతుల్లో మిగులుతుంది? ఆ అమ్మాయి ఇంట్లో మాట ఇంకా తెగలేదు. పాఠకుల ఇళ్ళలో ఇలాంటి మాట వస్తే, వద్దనే ముందు ఒక్కసారి ఆలోచించమని మా మనవి.