నీటిబాట వేసిన కాటన్ దొర

కర్నూలు, కడప జిల్లాలు కరవునకు పుట్టినిండ్లని పేరు. అట్టి మెట్టసీమలో ఒకప్పుడు పడవలు నడచెనన్నచో నేటి బాలురు నమ్మజాలరు. సముద్రమునకు ఎంతో దూరమున నున్న ఆ నేలపై నీటిబాట వేయవలెనని తలపోసిన మహనీయుడు సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. పదునారేండ్ల ప్రాయముననే మద్రాసు ఇంజనీర్ల దళమునకు ఎంపికయి, 1821లో భారతదేశమునకు వచ్చెను. రామేశ్వర ద్వీపమునకును ప్రధాన భూమికిని నడుమనున్న పాంబన్ జలమార్గమును పరీక్షించుట ఆయన తొలిపనులలో నొకటి. నీరు పైరునకు ప్రాణమని ఎల్లరును ఎరుగుదురు. అదియే మనుష్యులకును సరకులకును మంచి మార్గము కాగలదని కాటన్ గట్టిగా విశ్వసించెను.

1836లో ఆయన కావేరీ ప్రాంతమున కొల్లిడము నదిపై ఆనకట్టలు కట్టించెను. పిమ్మట 1847లో ధవళేశ్వరమువద్ద గోదావరి నాలుగు పాయలకు అడ్డముగా ఆనకట్ట ప్రారంభించి, 1852లో ముగించెను. అచ్చటినుండి బయలుదేరిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు దారులును అయ్యెను. గాలి అనుకూలించినప్పుడు తెరచాప ఎత్తుదురు. లేనప్పుడు గట్టుమీద నడచుచు త్రాటితో లాగుదురు. పడవవాండ్రకు పడవయే ఇల్లు. వంటయు, భోజనమును, నిద్రయు అందే. ప్రయాణము మెల్లగా సాగినను, ఎడ్లబండి మోయలేని బరువును పడవ సులువుగా మోసికొనిపోవును.

కాలువ మట్టము మారుచోట్ల లాకులుండెను. దిగువనుండి వచ్చిన పడవ లాకులో ప్రవేశించినంతనే వెనుక తలుపులు మూసి, ఎగువ నీటిని కొంచెము కొంచెముగా లోనికి వదలుదురు. నీటితోపాటు పడవయు పైకి లేచును. అప్పుడు ముందరి తలుపులు తెరువగా పడవ సాగిపోవును.

గోదావరి సీమకు కలిగిన మేలు రాయలసీమకును కలుగవలెనని కాటన్ కోరెను. తుంగభద్ర నీటిని పెన్నానది లోయకు మళ్లించి, బళ్లారి ప్రాంతమునుండి నెల్లూరు తీరమువరకు పడవలు నడుపవలెనని ఆయన సంకల్పము. ఇందులకై ఇంగ్లండులో ఒక కంపెనీ ఏర్పడెను. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి ఐదు వంతున వడ్డీకి ప్రభుత్వము హామీ ఇచ్చెను. 1863 మొదలుకొని కొన్ని యేండ్లు పని సాగెను. సుంకేసులవద్ద ఆనకట్ట కట్టి, కర్నూలులో హంద్రీనదిని మేలుకాలువపై దాటించి, కడపవరకు సుమారు 306 కిలోమీటర్ల కాలువ త్రవ్వించిరి. దానిపై పడవలును నడచెను.

కాని కాలువ సముద్రమును చేరలేదు. అంచనాకు మించి ధనము వ్యయమయ్యెను. నల్లరేగడి భూములలో వర్షాధారమున జొన్న పండించుకొను రైతులు పన్ను చెల్లించి నీరు తీసికొనుటకు ముందుకు రాలేదు. డెల్టా రైతువలెనే మెట్టరైతును నీటికై ఎదురుచూచునని తలచుట కాటన్ పొరపాటు. వేసవిలో తుంగభద్ర సన్నగిల్లగా పడవలును నిలిచిపోయెడివి. పైగా అప్పటికే కడప మీదుగా రైలుబండి నడచుచుండెను.

ఇంతలో 1876లో ధాత కరవు వచ్చెను. దక్షిణదేశమున లక్షలాది ప్రజలు ఆకలిచే మరణించిరి. అంతవరకు కాలువ నీరు వలదన్న రైతులే అప్పుడు దానిని ఆశ్రయించిరి. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘమొకటి నీటిపనులను గూర్చి విచారణ జరిపినప్పుడు, డెబ్బదియైదేండ్ల కాటన్ దాని యెదుట నిలిచి, ఈ దేశమునకు రైళ్లకంటె జలమార్గములే మేలని వాదించెను. సంఘము ఆయన మాట నంగీకరింపలేదు. 1882లో ప్రభుత్వము కర్నూలు–కడప కాలువను కంపెనీనుండి కొనెను.

కాటన్ 1899 జూలై 24వ తేదీన ఇంగ్లండులో కన్నుమూసెను. కాలక్రమమున ఆ కాలువపై పడవలు కనుమరుగయ్యెను. నీరు మాత్రము నిలిచెను. కే.సీ. కెనాలని జనులు పిలుచు ఆ కాలువక్రింద నేడు సుమారు 2,65,000 ఎకరముల ఆయకట్టు కలదు. కాటన్ కన్న కలలో సగమే ఫలించినది. ఆ సగమే వేలాది కుటుంబములకు అన్నము పెట్టుచున్నది.