కాశీనాథుని నాగేశ్వరరావు

కాశీనాథుని నాగేశ్వరరావు (మే 1, 1867 - ఏప్రిల్ 11, 1938) పత్రికాధిపతి, అమృతాంజనం సృష్టికర్త, స్వాతంత్ర్య సమరయోధుడు. దేశోద్ధారక, విశ్వదాత అనేవి ఆయన బిరుదులు. కృష్ణా జిల్లాలో జన్మించాడు.

1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించాడు. ఊరూ పేరూ తెలియని మందును సొమ్ము పెట్టి కొనేవారు అరుదు. అందువలన సంగీత కచేరీలకు వచ్చిన శ్రోతలకు దానిని ఉచితంగా పంచిపెట్టేవాడు. ఎంత చక్కగా వ్రాసిన ప్రకటన అయినా వర్ణించగలిగేది గుణాన్ని మాత్రమే. ఇక్కడ శ్రోత నొసటికి రాసుకొని స్వయంగా తెలుసుకొనేవాడు. క్రమంగా అమ్మకాలు పెరిగాయి.

ఆ ఆదాయమే ఆయన పత్రికలకు అండగా నిలిచింది. ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసు నుండి దినపత్రికగా వెలువరించాడు. 1924లో భారతి సాహిత్య మాసపత్రికను ప్రారంభించాడు. 1926లో స్థాపించిన ఆంధ్ర గ్రంథమాల ద్వారా తక్కువ వెలకు పుస్తకాలు ప్రచురించాడు. 1936లో అమృతాంజనం సంస్థ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది.