శస్త్రవిద్య నేర్పిన గురువు

ఆరవ గురువు శ్రీ గురు హరిగోబింద్ సాహిబ్ జీ 1595లో అమృత్‌సర్ దగ్గరి వడాలీ గ్రామంలో జన్మించారు. వారికి అక్షరాలతోపాటు కత్తిసాము, విలువిద్య, గుర్రపుస్వారీ నేర్పింది వృద్ధులైన బాబా బుడ్ఢా జీ. 1606లో తండ్రి గురు అర్జన్ దేవ్ జీ షహీదయ్యారు. పదకొండేళ్ల వయసులో గురుగద్దె ఎక్కిన బాలగురువు మీరీ, పీరీ అనే రెండు కత్తులు ధరించారు. కానుకలుగా ఆయుధాలు, గుర్రాలు తెమ్మని సంగత్‌కు కబురంపారు. ఆ కత్తులకు పదును పెట్టే చేతులు ఎంత అవసరమో మన సిక్లీగర్ ఇళ్లలో వేరే చెప్పాలా!

అకాల్ తఖ్త్ ముందు కుస్తీలు, కత్తిసాము జరిగేవి. పైందే ఖాన్ అనే అనాథ పఠాన్ కుర్రవాణ్ణి గురువుగారు చేరదీసి, కడుపునిండా పెట్టి, విద్య నేర్పించి గొప్ప మల్లుణ్ణి చేశారు. బలం తలకెక్కి అతడు మొఘల్ సేనతో చేరాడు. 1635లో కర్తార్‌పూర్ యుద్ధంలో గురువు మీదికే కత్తి దూశాడు. గురువుగారు మొదటి దెబ్బ అతడికే వదిలారు. డాలుతో కాచుకొని, ఆ తర్వాతే కొట్టారు. పెంచిన చేత్తో కొట్టాల్సి రావడం ఎంత కష్టం! నేలకొరిగిన శిష్యుడి ముఖానికి ఎండ తగలకుండా అదే డాలు అడ్డుపెట్టారని మన సంప్రదాయం చెబుతుంది.

ఆ యుద్ధంలోనే పద్నాలుగేళ్ల కుమారుడు త్యాగ్ మల్ కత్తి పట్టి పోరాడాడు. ఆ శౌర్యానికి మెచ్చి తండ్రి అతనికి తేగ్ బహాదుర్ అని పేరు పెట్టారు. తర్వాత గురువుగారు కీరత్‌పూర్‌లో స్థిరపడి, 1644లో అక్కడే జోతిలో జోతిగా కలిసిపోయారు.