ఆర్దేశీర్ కర్సెట్‌జీ వాడియా

ముంబయిలో తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న ప్రాంతాలు నాగ్‌పాడా, కామాఠీపుర. వీటికి తూర్పున, సముద్రం వైపు, మజ్‌గావ్ ఉంది. ఈ నగరాన్ని బొంబాయి అని పిలిచే రోజుల్లో మజ్‌గావ్‌లో ఒక గొప్ప ఓడల ఇంజనీరు ఉండేవారు. ఆయనే ఆర్దేశీర్ కర్సెట్‌జీ వాడియా.

ఆర్దేశీర్ 1808 అక్టోబరు 6న ఒక పార్సీ కుటుంబంలో జన్మించారు. ఆ వంశానికి చెందిన లవ్‌జీ నసర్వాన్‌జీ 1736లో సూరత్ నుండి బొంబాయికి వచ్చారు. నాటి నుండి ఓడలు కట్టడమే ఆ ఇంటి వృత్తి. వారు టేకు కర్రతో కట్టిన తెరచాప ఓడలు దేశదేశాల్లో పేరు పొందాయి. అటువంటి ఇంట పుట్టినా, ఆర్దేశీర్ మనసు ఆవిరి యంత్రం వైపు మళ్లింది.

అప్పటికి ఆవిరి ఓడ కొత్త వింత. బొంబాయిలో కట్టిన హ్యూ లిండ్సే అనే ఆవిరి ఓడ 1830లో సూయజ్ వరకు వెళ్లింది. అయినా ఖర్చు ఎక్కువని లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు వెనుకాడారు. ఆర్దేశీర్ మాత్రం వెనుకాడలేదు. చిన్న ఆవిరి యంత్రంతో నీరు తోడించారు. 1833లో ఇండస్ అనే 60 టన్నుల ఓడను నిర్మించారు. 1834లో మజ్‌గావ్‌లోని తన ఇంటిని, తోటను గ్యాసు దీపాలతో వెలిగించారు. ఆ వెలుగు చూడటానికి బొంబాయి గవర్నరు స్వయంగా వచ్చారు.

ఆవిరి యంత్రాలను గురించి మరింత నేర్చుకోవటానికి ఆర్దేశీర్ 1839లో ఇంగ్లండు వెళ్లారు. అక్కడ అప్పుడు ఓడల విషయంలో పెద్ద వివాదం నడుస్తున్నది. ఆనాటి ఆవిరి ఓడలకు రెండు ప్రక్కలా తెడ్లు బిగించిన పెద్ద చక్రాలుండేవి. వాటికి బదులు, ఓడ వెనుక భాగాన నీటిలో మునిగి తిరిగే మరకు ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే రైతు 1836లో పేటెంటు పొందారు. నేటి ప్రొపెల్లరుకు అది తొలిరూపం. వెనుక నుండి నెడితే ఓడ చుక్కానికి లొంగదని నౌకాదళంలోని పెద్దలు సందేహించారు. 1837లో ఒక కాలువలో పరీక్షిస్తుండగా స్మిత్ చేయించిన కొయ్య మర సగం విరిగిపోయింది. పడవ ఆగలేదు సరికదా, మునుపటికంటె వేగంగా సాగింది! పొడవాటి మరకంటె పొట్టి మరే మేలని అలా తెలిసింది. 1840లో, ఆర్దేశీర్ ఇంగ్లండులో ఉండగానే, స్మిత్ ఓడ ఆర్కిమెడిస్ చక్రాల ఓడలతో పోటీపడింది. చివరకు 1845లో రాట్లర్ అనే మర ఓడను, అలెక్టో అనే చక్రాల ఓడను వెనుక భాగాలు కలిపి కట్టి, చెరొక వైపు నడిపారు. రాట్లర్ అలెక్టోను వెనుకకు ఈడ్చుకుపోయింది.

యంత్రం గురించిన సందేహం ఆ విధంగా తీరింది. ఆర్దేశీర్‌కు ఎదురైనది మనిషి గురించిన సందేహం. 1841లో కంపెనీ ఆయనను బొంబాయి ఆవిరి యంత్రాల కర్మాగారానికి చీఫ్ ఇంజనీరుగా నియమించింది. ఐరోపా పనివారు కూడా ఆయన క్రింద పనిచేయాలి. ఎంత చదువుకున్నా ఒక భారతీయుడు ఆంగ్లేయుల చేత పని చేయించగలడా అని బొంబాయిలోని ఒక ఆంగ్ల పత్రిక శంకించింది. అదే సంవత్సరం మే 27న లండన్‌లోని రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకున్నది. ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

ఆర్దేశీర్ 1857 వరకు, అంటే పదహారు సంవత్సరాలు, ఆ బాధ్యతను నిర్వహించారు. 1851లో లవ్‌జీ ఫ్యామిలీ అనే ఆవిరి ఓడను నీటిలోకి దింపారు. దాని యంత్రభాగాలు ఆయన సొంత కార్ఖానాలో పోతపోసి తయారుచేసినవే. పత్రిక వేసిన ప్రశ్నకు ఆ పదహారేళ్ల పనే జవాబు.

ఆర్దేశీర్ 1877 నవంబరు 16న ఇంగ్లండులోని రిచ్‌మండ్‌లో కన్నుమూశారు. 1969లో భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలాబిళ్ల విడుదల చేసింది.

కొత్తదాన్ని సందేహించటం తప్పు కాదు. పరీక్షించకుండానే పనికిరాదని త్రోసివేయటమే తప్పు. ఓడ మర విషయంలోనైనా, మనిషి శక్తి విషయంలోనైనా ఈ మాట ఒక్కటే.